యాభై ఏడు ముఖాల కొరత

ఆ శుక్రవారం పొద్దున ఎర్రమిట్టపల్లెలో మద్దిలేటి ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని ఇంటి యజమాని మద్దిలేటి. పొయ్యి దగ్గర మూడోసారి టీ మరగబెడుతూ ఆయన భార్య సుంకులమ్మ. నులక మంచం మీద కాళ్ళు చాపుకుని, వక్క నములుతూ ఆయన తల్లి నాగులమ్మ. బడి నుంచి అడిగి తెచ్చిన కుర్చీలో ప్రాంతీయ వజ్ర నాణ్యతాధికారి పరాంకుశరావు గారు. జొన్నల మూట మీద కూర్చుని, బోర్లించిన గంప మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న ఆపరేటర్ విమలమ్మ. తలుపు వెనక సగం దాక్కుని, చంకలో డైరీతో మద్దిలేటి కూతురు చౌడేశ్వరి. గుంజకు కట్టేసిన మేక. నట్టింట్లో, ఇత్తడి తట్టలో, పసుపు గుడ్డ మీద, శనగగింజంత రాయి.

రాయిని కూడా లెక్కలో వేసుకోవాల్సిందే. ఆ పూట ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద జరిగింది దానికే.

ఉండాల్సి ఉండీ లేని మనిషి ఒకడున్నాడు. రాళ్ళ వ్యాపారి కాశీం సాహెబు. ఆయన బయట అరుగు మీద, భుజాన తువ్వాలుతో కూర్చున్నాడు. పరీక్ష జరిగేటప్పుడు కొనేవాడు, అమ్మేవాడు, వజ్రం ఒకే కప్పు కింద ఉండరాదని నిబంధన తొమ్మిది చెబుతోంది. వజ్రం బయటికి పోవడానికి వీల్లేదు, అమ్మేవాడిది ఇల్లు. కాబట్టి కాశీం బయట.

రాయి దొరికింది ఆదివారం. ఆ సీమలో తొలకరి వాన పడి ఎర్రనేల కడుక్కుపోయిందంటే జనం చేలల్లో తలలు దించుకుని తిరుగుతారు. ఏడాదికి ఒకరికో ఇద్దరికో రాయి దొరుకుతుంది, మిగతావాళ్ళకు మెడనొప్పి దొరుకుతుంది. చౌడేశ్వరి రాయి కోసం వెతకలేదు. శనక్కాయ విత్తే నాయన వెనకాల నడుస్తోంది, అంతే. కానీ మనిషి ముఖంలోకి తలెత్తి చూడని పిల్లకు నేల మీద ఉన్నవి కనబడక ఏం చేస్తాయి?

"తలెత్తుకోని తిరిగేటోళ్ళకి మబ్బు దొరుకుతాది. తల దించుకున్నదానికి రాయి దొరికె," అంది నాగులమ్మ. ఆమె చౌడేశ్వరికి జేజి, అంటే నాయనమ్మ. ఊళ్ళో ఆ పిల్ల గొంతు బాగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. బడిలో పదేళ్ళూ చౌడేశ్వరి జవాబులు రాసి చూపించిందే తప్ప లేచి చెప్పింది లేదు. చెప్పాలనుకున్నదంతా ఇంటికొచ్చి డైరీలో రాసుకునేది.

సోమవారం కాశీం వచ్చాడు. రాయి మీద నోటి ఆవిరి ఊదాడు. ఆవిరి పట్టినట్టే పట్టి తటాలున పోయింది. చెంపకు ఆనించుకుని చల్లదనం చూశాడు. అరచేతిలో నీళ్ళు పోసుకుని, రాయిని ముంచి, ఎండకు పట్టి, ఒక కన్ను మూశాడు.

"రాయే," అన్నాడు. ఆ ఊళ్ళో ఆ ఒక్కమాటకు వజ్రమని అర్థం.

మద్దిలేటి, కాశీం ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరి కుడిచేతుల మీదా తువ్వాలు కప్పుకున్నారు. లోపల వేళ్ళు మాట్లాడుకున్నాయి. ఒకరు రెండు వేళ్ళు పడితే ఒకరు పిడికిలి బిగిస్తారు, ఒకరు అరచెయ్యి గోకితే ఒకరు తల అడ్డంగా ఊపుతారు. బేరమంతా అయ్యేదాకా ఒక్క మాట బయటికి రాదు. నోరు తెరవకుండా ఇంత పెద్ద పని జరగడం చౌడేశ్వరికి ఎంతో ముచ్చటేసింది. ప్రపంచంలో పనులన్నీ ఇట్లా తువ్వాలు కిందే జరిగితే ఎంత బాగుండునని ఆ రోజు డైరీలో రాసుకుంది.

బేరం కుదిరింది. మద్దిలేటి తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"పాప కాలేజీకి పోతాది బావా. గుత్తిలో హాస్టలు. శనివారమే ఆఖరంట చేరడానికి," అన్నాడు.

రాయి లేకపోతే ఏమిటన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు. రాయి లేకపోతే ఈసారి సుగ్గికి చౌడేశ్వరి కూడా పోవాలి. సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి, గిన్నెలు మూట కట్టుకుని, లారీ ఎక్కి, మిరపకాయలు కోయడానికి దూరపు జిల్లాలకు పోవడం. పోయిన ఆడపిల్లలు మళ్ళీ పుస్తకం ముట్టుకున్న దాఖలా ఊళ్ళో లేదు.

కాశీం మాత్రం రాయిని తట్టలోనే పెట్టాడు.

"ఒక చిక్కుండాది మద్దిలేటీ. ఈ ఏడాది కొత్త రూలు. గులకరాయి కొంటే ఎవడూ అడగడు. గాజుపెంకు కొన్యా ఎవడూ అడగడు. వజ్రమన్నామంటే మాత్రం సెంటరోళ్ళ కాయితం కావల్ల. లేకుంటే నా లైసెన్సు పోతాది."

ఆ రూలు పుట్టిన కథ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎక్కడో నగరంలో ఒక పెద్దమనిషి భార్యకు వజ్రపుటుంగరం కొన్నాడట. పెళ్ళి పందిట్లో పక్కావిడ ఉంగరం మెరిసింది, ఈవిడది మెరవలేదు. కారణం ఏమిటని కమిటీ వేస్తే, కట్ సరిగా లేదని తేలింది. సానబట్టినవాడు రాయిని మరీ లోతుగా కోశాడు. ఇకమీదట రాష్ట్రంలో ఏ పౌరుడూ కట్ నాణ్యత చూడకుండా వజ్రం కొని మోసపోకూడదని పెద్దలు నిశ్చయించారు. వజ్రాలు దొరికే చోటనే కేంద్రం పెడితే మోసాన్ని మొలకలోనే తుంచవచ్చని ఎర్రమిట్టపల్లెను ఎంచారు. మూతపడ్డ పశువుల ఆసుపత్రికి సున్నం కొట్టి, 'వజ్ర కట్ నాణ్యతా నిర్ధారణ కేంద్రం' అని బోర్డు పెట్టారు.

మార్చిలో అవగాహన వారోత్సవాలు కూడా జరిగాయి. మధ్యాహ్న భోజనం వేళ, సాంబారు పళ్ళేలు చేత పట్టుకునే పిల్లలంతా ప్రమాణం చేశారు. 'నేను కట్ చూడనిదే వజ్రం కొనను. నా తల్లిదండ్రులను కొననివ్వను. నా ఇరుగుపొరుగును హెచ్చరిస్తాను.' వ్యాసరచనలో చౌడేశ్వరికి ప్రోత్సాహక బహుమతిగా ప్లాస్టిక్ స్కేలు వచ్చింది. అందుకే ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ఆ పిల్లకే బాగా తెలుసు. సానబట్టిన వజ్రం మీద చిన్న చిన్న పలకలుంటాయి. వాటిని ముఖాలంటారు. గుండ్రటి రాయికి పద్ధతి ప్రకారం యాభై ఏడు. పైనుంచి పడ్డ వెలుతురు లోపల గోడలకు తగిలి, తిరిగి, పైకే వచ్చి మన కంటిని చేరాలి. రాయి మరీ లోతుగా ఉంటే వెలుతురు పక్కనుంచి జారిపోతుంది, మరీ పలచగా ఉంటే కిందనుంచి కారిపోతుంది. కొనేవాడు బరువు చూసి మురిసిపోకుండా ఈ తిరిగొచ్చే వెలుతురును చూసుకోవాలి.

అంతా నిజమే. ఆ నిజానికి, చేలో దొరికిన రాయికి ఏమిటి సంబంధమన్నదే చౌడేశ్వరికి అర్థం కాలేదు.

మంగళవారం నాయనతో పాటు కేంద్రానికి పోయింది. పరాంకుశరావు గారు రాయిని పట్టకారుతో పట్టి, నల్లటి గొట్టంలో పెట్టారు. గొట్టానికి ఒక పక్క బల్బు, ఒక పక్క అద్దం. చాలాసేపు చూశారు.

"వెలుతురు లోపలికి వెళ్ళింది," అన్నారు గంభీరంగా. "తిరిగి రాలేదు. రాసుకోండి విమలగారూ. కాంతి నష్టం నూటికి నూరు. ముఖాలు?"

"ఏమీ లేవు సార్. అంటే, రాయి పుట్టుకతోనే పలకలు పలకలుగా ఉంది. ఎనిమిది దాకా ఉన్నట్టున్నాయి."

"ఎవరి అనుమతితో ఏర్పడ్డాయి?"

విమలమ్మ ఆలోచించింది. "ఎవరి అనుమతీ లేదు సార్."

"అనధికార ముఖాలు ఎనిమిది అని ప్రత్యేకంగా చూపించండి. లెక్కలోకి తీసుకోవద్దు. ఉండవలసినవి యాభై ఏడు. ఉన్నవి సున్న. కొరత యాభై ఏడు."

మద్దిలేటి చేతులు జోడించాడు. "సారూ, ఇది చేన్లో దొరికిండే రాయి. ఇంకా సానబట్టలేదు."

"సానబట్టారా లేదా అన్నది మా పరిధిలోకి రాదు. సాన ఎలా ఉంది అన్నదే మా పరిధి."

"పట్టందే ఎట్లుంటాది సారూ?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఇంత పేలవమైన కట్ నా సర్వీసులో చూడలేదు."

సానబట్టించడానికి సూరత్ పంపుతామంటే, పంపడానికి రవాణా అనుమతి కావాలన్నారు. రవాణా అనుమతికి ఏం కావాలంటే, కట్ ధ్రువపత్రం కావాలన్నారు. మద్దిలేటి ఆ మాటను రెండుసార్లు లోపల తిప్పుకున్నాడు. ఎటు తిప్పినా బయటికి రాలేదు.

సరిగ్గా అప్పుడు చౌడేశ్వరి చేతిలోని పెన్ను జారి, గోడ మూలకు దొర్లింది. తీసుకోవడానికి వంగితే అక్కడొక ఇనప బీరువా, దాని వెనక నిబంధనల పోస్టరు కింది అంచు. అందరూ చదివేది బీరువా పైన కనబడే మేరకే. వంగి చూసిన చౌడేశ్వరికి చివరి వరుస కనబడింది. 'గమనిక: పై నిబంధనలు సానబట్టిన వజ్రములకు మాత్రమే వర్తించును.'

ఆ పిల్ల లేచి నిలబడింది. నోరు తెరిచింది. పరాంకుశరావు గారు కళ్ళద్దాల మీదుగా చూశారు. చౌడేశ్వరి నోరు మూసుకుంది.

"ఈ పాప మాట్లాడదా?" అన్నారాయన.

"మాట్లాడతాది సారూ. ఇంట్లో," అన్నాడు మద్దిలేటి.

ఆ సాయంత్రం ఆ గమనికను ఉన్నదున్నట్టు రాసి, కింద 'కావున దయచేసి' అని రెండు వరుసలు చేర్చి, డైరీలో కాగితం చింపి కేంద్రంలో ఇచ్చి వచ్చింది. పరాంకుశరావు గారిలో ఒక మంచి గుణముంది. నోటితో చెప్పినది ఆయన చెవికి చేరదు కానీ, రాసిచ్చిన దానికి మాత్రం మరునాటికల్లా రాతలోనే జవాబిస్తారు, కింద గుండ్రటి ముద్ర వేసి మరీ. బుధవారం పొద్దున్నే జవాబు ఇంటికొచ్చింది.

'మీ విజ్ఞప్తి పరిశీలించడమైనది. సదరు గమనిక బీరువా వెనుక ఉన్నది. కనబడని నిబంధన అమలులో ఉన్నట్టు భావించరాదు. బీరువా జరిపిన పిమ్మట అమలులోకి వచ్చును. సదరు బీరువా పశుసంవర్ధక శాఖ ఆస్తి అయినందున మా శాఖ ముట్టుకొనుటకు వీలుపడదు.'

జేజి చదివించుకుని వింది. "దున్నపోతుకు సూది మందు ఏసే బీరువా మే అది. అడ్డం ఉండాల్సిన చోటే ఉండాది," అంది.

కాగితం వెనకే కొత్త చిక్కు కూడా వచ్చింది. కొరత అని ఒకసారి రాశాక ఊరికే ఉండడానికి లేదు. కొరత ఎలా ఏర్పడిందో తేల్చాలి. యాభై ఏడు ముఖాలు ఏమైనట్టు? ఎవరు తీసినట్టు? రాయి దొరికిన చేలో పడిపోయి ఉండవచ్చని పరాంకుశరావు గారు అనుమానించారు. బుధ, గురువారాలు రెండు రోజులు మద్దిలేటి చేను తవ్వించారు. నాలుగు మూలలా కర్రలు పాతి, 'ఈ పొలము ముఖముల కొరతపై విచారణలో ఉన్నది' అని పలక కట్టారు. మట్టిని జల్లెడ పట్టారు. నాలుగు రోజుల కింద విత్తిన శనక్కాయ గింజలన్నీ జల్లెడలోకి వచ్చాయి. వాటిని ఒక్కొక్కటే గొట్టంలో పెట్టి చూసి, 'ముఖాలు లేవు' అని రాసుకుని పక్కన పోశారు.

"నారాయణా, మొలకెత్తే గింజను లేపి ముఖం చూస్తాండారే!" అని సుంకులమ్మ గట్టు మీద కూలబడింది.

మొదటి రోజు ఊరంతా నవ్వింది. రెండో రోజు నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే ఆ మధ్యాహ్నం కొత్త సర్క్యులరు వచ్చింది. ప్రతి రైతూ హామీపత్రం ఇవ్వాలి. 'నా పొలములో ఇకపై యాభై ఏడు ముఖములకు తక్కువైన వజ్రములు పండించనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.' హామీపత్రం లేకపోతే సబ్సిడీ విత్తనాలు లేవు. ఊరంతా వరసగా నిలబడి సంతకాలు పెట్టింది. కొందరు, ఎందుకైనా మంచిదని, యాభై ఎనిమిది రాసిచ్చారు.

చేలో ముఖాలు దొరకలేదు. చేలో లేకపోతే ఇంట్లో ఉండాలి. అందుకే శుక్రవారం పొద్దున పరాంకుశరావు గారు ఇంటికి వచ్చారు.

"రేపు శనివారం సారూ," అన్నాడు మద్దిలేటి, ఇంకేం చెప్పాలో తెలియక.

"తెలుసు. ఇవాళ శుక్రవారం," అన్నారాయన, టీ అందుకుంటూ. "మద్దిలేటి గారూ, మీరు నిజం చెప్పేస్తే అందరికీ శ్రమ తగ్గుతుంది. యాభై ఏడు ముఖాలు చిన్న విషయం కాదు. ఎవరికైనా ఇచ్చారా?"

"సత్తెపెమానంగా చెప్తాండ సారూ, నేను ఒక్క ముఖమూ తీయలేదు."

"అమ్మా, మీరు?"

"నాకు ఉండేది ఒకటే ముఖం. అదీ పొయ్యి దగ్గరే సరిపాయ," అంది సుంకులమ్మ.

తనిఖీ మొదలైంది. విమలమ్మ జొన్నల మూట విప్పింది. ఉప్పు జాడీ చూసింది. పటికబెల్లం డబ్బాలో ఒక ముక్క కాస్త ఆశపెట్టింది కానీ, గొట్టంలో పెడితే పద్నాలుగు ముఖాలే తేలాయి, పైగా చీమలు. దేవుడి పటం వెనక చూశారు. మేక మెడలోని గంట చూశారు. అంతసేపూ నాగులమ్మ మంచం దిగలేదు. ఆఖరికి మంచం కింద చూడాలి, కొంచెం లేవమన్నారు.

జేజికి ఒళ్ళు మండింది.

"అంతా సూసినారు కదా, ఇంక నా ముక్కే మిగిలింది. ఆ ముఖాలేవో నా ముక్కుపుడకలో సొరబడినాయేమో, దాన్నీ సూడండి సారూ!" అని ముక్కు ముందుకు చాపింది.

నోటితో అన్నదేదీ వినబడని పరాంకుశరావు గారికి ఆ మాట ఎట్లానో వినబడింది. టీ గ్లాసు కింద పెట్టారు.

"తీసి ఇవ్వండి."

"అయ్యో సారూ, ఎగతాళికంటి. తిరణాల్లో కొనింది. పది రూపాయల గాజురాయి."

"ఎక్కడ కొన్నారన్నది మా పరిధిలోకి రాదు. తీసి ఇవ్వండి."

ముక్కుపుడక గొట్టంలోకి వెళ్ళింది. పరాంకుశరావు గారు కన్ను ఆనించారు. ఆయన ముఖం మారింది. గొట్టం లోంచి వచ్చిన తళుకు ఆయన కనుబొమ్మ మీద చిన్న చుక్కగా ఆడింది.

"వెళ్ళిన వెలుతురు వెళ్ళినట్టే తిరిగి వచ్చేస్తోంది," అన్నారు, గొంతు తగ్గించి. "పక్కనుంచి జారడం లేదు. కిందనుంచి కారడం లేదు. విమలగారూ, ముఖాలు లెక్కపెట్టండి."

విమలమ్మ భూతద్దం పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. మిషన్ మీద వేలకు వేలు ఒకే అచ్చులో పోసిన గాజురాళ్ళకు ముఖాలు తప్పిపోయే అవకాశమే లేదు.

"యాభై ఏడు సార్."

పరాంకుశరావు గారు లేచి నిలబడ్డారు. ఎందుకో తెలియకపోయినా మద్దిలేటి కూడా ఇంకా నిటారుగా నిలబడ్డాడు.

"కొరత యాభై ఏడు. దొరికినవి యాభై ఏడు. లెక్క సరిపోయింది. మన కేంద్రం చరిత్రలో తొలి అత్యుత్తమ శ్రేణి! ముఖాలన్నీ ఇందులో ఉన్నాయి కాబట్టి వజ్రం ఇదే. ఇవి ఏ రాయి నుంచి వచ్చాయో, ఆ రాయి," అని తట్ట వైపు చూశారు, "సానబట్టగా మిగిలిన వ్యర్థం."

మేక గంట ఒక్కసారి మోగింది.

"వజ్రాన్ని రాజధానికి పంపుతాం. అమ్మగారికి రసీదు ఇస్తాం. వజ్రం, వ్యర్థం ఒకే కప్పు కింద ఉండరాదని నిబంధన పదకొండు. ముందు దీన్ని బయటికి..."

నాలుగు రోజులుగా చేతులు కట్టుకుని నిలబడ్డ మద్దిలేటి చేతులు విప్పాడు. "సారూ! వ్యర్థం కాదు సారూ అది! నిఖార్సయిన వ..."

అతని చొక్కా ఎవరో వెనక నుంచి గట్టిగా లాగారు. తిరిగి చూస్తే చౌడేశ్వరి. ఆ పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది. కానీ తల అడ్డంగా ఊపుతోంది. తువ్వాలు కింద బేరంలో కాశీం ఊపినట్టు.

చౌడేశ్వరి చెవుల్లో కాశీం మామ మాటే మోగుతోంది. గులకరాయి కొంటే ఎవడూ అడగడు. గాజుపెంకు కొన్యా ఎవడూ అడగడు.

అక్కడే గడప మీద కూర్చుని, డైరీ తెరిచి రాసింది. ఎన్నడూ లేనంత గుండ్రంగా రాసింది. కాగితం చింపి, తల దించుకునే రెండు చేతులా అందించింది. పరాంకుశరావు గారు పైకి చదివారు.

"'గౌరవనీయులైన అధికారి గారికి. మా ఇంట్లోని శనగగింజంత రాయి వజ్రం కాదని, సానబట్టగా మిగిలిన వ్యర్థమని, దానికి తమరి శాఖ నిబంధనలు వర్తించవని ధ్రువీకరించి, పారవేయుటకు గానీ ఎవరికైనా ఇచ్చివేయుటకు గానీ అనుమతి ఇవ్వగలరని ప్రార్థన. ఇట్లు, ఎం. చౌడేశ్వరి.'"

మద్దిలేటి కూతురి వైపు వెర్రిగా చూశాడు. "ఏం రాస్తివి మే! మన రాయినే..."

"నోరు మూసుకోరా మద్దిగా," అంది నాగులమ్మ మంచం మీది నుంచి. ముసలామె కళ్ళు మెరుస్తున్నాయి. "రాయించుకోనీ. పిల్ల ఇన్నేండ్లకు ఒక మాట చెప్తాంది."

"చూడండి! పిల్ల అంటే ఇలా ఉండాలి," అన్నారు పరాంకుశరావు గారు. "కేకల్లేవు, వాదనల్లేవు. మార్జిన్ కూడా వదిలింది. మా వారోత్సవాల ఫలితం ఇది." జేబులో నుంచి పచ్చ సిరా పెన్ను తీశారు. 'ధ్రువీకరించి అనుమతించడమైనది' అని రాశారు. సంతకం పెట్టారు. విమలమ్మ సంచిలోంచి ముద్ర తీసి, నోటి ఆవిరి ఊది, గట్టిగా అద్దింది.

ఆవిరి ఊదడం చూసి చౌడేశ్వరికి నవ్వొచ్చింది. అణుచుకుంది.

"జేజీ, నీ ముక్కుపుడక?" అని గుసగుసగా అడిగింది.

"పోనీలే మే. పది రూపాయలు పెట్టి దొరను కొన్న్యాం," అంది జేజి.

తట్టలోంచి పసుపు గుడ్డ తీసి, దాని మీద ముక్కుపుడకను పెట్టుకుంటున్నారు అధికారులు. గుడ్డ లాగితే తట్టలోకి జారిన రాయిని ఎవరూ ముట్టుకోలేదు. చౌడేశ్వరి వంగి, రెండు వేళ్ళతో తీసుకుంది. చల్లగా ఉంది. తలుపు వైపు నడుస్తుంటే మద్దిలేటి దారికడ్డంగా ఒక్క క్షణం నిలబడ్డాడు. కాగితం మీది ముద్ర వైపు చూశాడు. బయట అరుగు వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. కూతురి చెయ్యి పట్టుకుని, అరచేతిలో ముందు మూడు వేళ్ళు, తర్వాత పిడికిలి ఒత్తాడు. సోమవారం తువ్వాలు కింద కుదిరిన లెక్క. దానికి తగ్గవద్దన్నట్టు ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు.

చౌడేశ్వరి గడప దాటింది.

అరుగు మీద కాశీం లేచి నిలబడ్డాడు. కాగితం తీసుకుని, ముద్ర దాకా నిదానంగా చదివాడు. మీసం కింద ఏదో కదిలింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. ఎదురుగా చోటు చూపించాడు. చౌడేశ్వరి కూర్చుని, కుడిచెయ్యి చాపింది. వాళ్ళిద్దరి చేతుల మీదా తువ్వాలు పడింది. ఆ పిల్ల మొదటిసారి తలెత్తి ఎదుటి మనిషి కళ్ళలోకి సూటిగా చూసింది.

అంతలో పరాంకుశరావు గారు గుమ్మం దాకా వచ్చారు.

"వ్యర్థాలు ఇంటి ముందు పెట్టుకోకండి పాపా, కొంచెం దూరంగా తీసుకుపోండి. లోపల వజ్రం ఉంది," అని చెప్పి, తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టుకున్నారు.